మూడు చుక్కలు, ఒక అడ్డగీత

రోశమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ గిద్దలూరులో అరవై ఇళ్ల గుడ్డలు ఒక్క మూట కట్టి ఆమె ముందు పడేసినా, ఏ ఇంటి గుడ్డ ఆ ఇంటికి పొద్దుగూకేలోపు చేర్చేది. నల్లజీడి గింజను సూదితో గుచ్చి, ఆ రసంతో గుడ్డ మూలన చిన్న గుర్తు పెట్టేది. కరణం గారింటికి రెండు నిలువు గీతలు. స్టేషను మాస్టరుకు ఒక సున్న. మా ఇంటికి మూడు చుక్కలు, కింద ఒక అడ్డగీత. గుడ్డ చిరిగి పీలికలైనా ఆ గుర్తు పోయేది కాదు. మా నాయన నాగేశ్వర్లుకు బజారులో కిరాణా దుకాణం ఉండేది. బోర్డు మీద పేరు రాయించడానికి నంద్యాల నుంచి పెయింటర్‌ను పిలిపించాడు. ఆ బోర్డు నాలుగు వానలకు వెలిసిపోయింది. రోశమ్మ పెట్టిన చుక్కలు మాత్రం ఇప్పటికీ నా పెట్టెలో ఒక పావడ నడుంపట్టీ మీద ఉన్నాయి.

నాకిప్పుడు ఎనభై దాటాయి. "ఏటి ఒడ్డున పెరిగావట కదా నానమ్మా, ఎంత బాగుండేదో!" అని మనవరాళ్లు అంటే నాకు ఒళ్లు మండుతుంది. బాగుండేది. ఎందుకు బాగుండదు? బాగుండబట్టే చెప్పడానికి నోరు రాదు. రోశమ్మ గురించి చెప్పాలంటే నేను ఆమెతో ఆడిన అబద్ధం గురించి కూడా చెప్పాలి. పెద్ద అబద్ధం కాదు, ఒకటే మాట. "చూడలేదు" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. ఆ తొమ్మిదేళ్లూ ఆమె నా తప్పును తన నెత్తిన మోసింది.

సగిలేరు మీరనుకునే నదిలాంటిది కాదు. ఏడాదిలో పది నెలలు ఇసుకే. మూరెడు లోతు చెలమ తోడితే తియ్యటి నీళ్లు ఊరేవి, ఊరంతా ఆ నీళ్లే తాగేది. ఎండాకాలం సాయంత్రం ఇసుక చల్లబడగానే పిల్లలమంతా ఏట్లోనే ఉండేవాళ్లం. పాదం మీద తడి ఇసుక కప్పి, తట్టి, మెల్లగా పాదం లాగితే పిచ్చుకగూడు తయారు. నాది ఎప్పుడూ కూలేది. శ్రీశైలమ్మది నిలబడేది. నాది కూలిందన్న కోపంతో దానిది కూడా తన్నేదాన్ని. అది ఏడ్చేది కాదు. "మళ్ల కడతాలే" అనేది. నా కోపం పుట్టుకతో వచ్చింది, ఇంతవరకు పోలేదు, మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు.

శ్రీశైలమ్మ రోశమ్మకు ఒక్కతే కూతురు. నా ఈడుది. అది కడుపులో ఉండగానే తండ్రి పోయాడట. రేవులో రోశమ్మ గుడ్డలు ఉడకబెట్టే బానకు మంట పెట్టినప్పుడు ఆ నిప్పుల్లో గెణుసుగడ్డలు కాల్చి మా ఇద్దరికీ ఇచ్చేది. పెద్దది ఎప్పుడూ నాకే. అప్పుడు అదంతా ప్రేమే అనుకున్నాను. ప్రేమే, కాదనను. కానీ శెట్టి గారి పిల్లకు చిన్నది ఇవ్వకూడదన్న భయం కూడా అందులో ఉందని ఇప్పుడు తెలుస్తోంది. ఊదుకుంటూ తింటూ "అత్తా, ఇంకోటి" అని అడిగేదాన్ని. మా అమ్మ రాజ్యలక్ష్మి ఒకసారి విని, "చాకలామెను అత్త అంటావేందే?" అని నెత్తిన మొట్టింది. అమ్మ వినకుండా అనడం నేర్చుకున్నాను.

శ్రీశైలమ్మ బడికి రాలేదు. ఇసుక మీద వేలితో దానికి నేను అక్షరాలు దిద్దించేదాన్ని. 'అమ్మ' తొందరగానే వచ్చింది. తన పేరు దగ్గరికొచ్చేసరికి మొదటి అక్షరం చూసి బెదిరిపోయింది. "ఇంత కష్టం పేరు ఎవరు పెట్టమన్నారు నాకు? నీ పేరు రాస్తాలే" అని కడుపు పట్టుకుని నవ్వింది. బదులుగా అది నాకు ఊరి గుర్తులన్నీ నేర్పింది. "మరి మీ ఇంటి గుర్తేంది?" అని అడిగాను ఒకసారి.

"మాకు గుర్తెందుకు? మా గుడ్డలు మేమే కదా ఉతుక్కునేది" అంది.

ఇంకో సంగతి చెప్పాలి. ఉతకడానికి వచ్చిన మంచి గుడ్డను చాకలి ఇంటి వాళ్లు ఒక పూట కట్టుకోవడం ఆ రోజుల్లో అందరికీ తెలిసిందే. వాళ్లింట్లో పెళ్లయితే ఊరి చీరల్లో సగం పెళ్లికి పోయి వచ్చేవి. తెలిసినా ఎవరూ తెలిసినట్టు మాట్లాడేవాళ్లు కాదు. మా అమ్మ కూడా తన చీర రోశమ్మ చెల్లెలి ఒంటి మీద చూసి, ముఖం పక్కకు తిప్పుకుని నడిచిపోయింది. పెద్దవాళ్లకు అంత మర్యాద తెలుసు. పదేళ్ల నాకు తెలియలేదు.

యాభై మూడులో అక్టోబరు ఒకటో తారీఖున ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మాది అప్పుడు కర్నూలు జిల్లా. మన కర్నూలే రాజధాని అంట అని ఊరంతా ఒకటే సంబరం. బడి పిల్లలమంతా జెండాలు పట్టుకుని బజారులో ఊరేగాలని, చివర తలా ఒక లడ్డు ఇస్తారని చెప్పారు. నా దగ్గర ఎర్ర చీటీ గుడ్డ పావడ ఒకటి ఉండేది, పసుపు పూలది, నంద్యాలలో కొన్నది. అదే కట్టుకోవాలని వారం నుంచి అనుకుంటున్నాను. ఆ పొద్దున రోశమ్మ గుడ్డలు తెచ్చింది కానీ అందులో అది లేదు.

"అంచున చింతపండు మరక పోలేదమ్మీ. ఇంకొక్కసారి జాడించమని మా శ్రీశైలమ్మకు చెప్పి వచ్చినా. రేపు తెస్తా" అంది రోశమ్మ.

ఇల్లు పీకి పందిరి వేశాను. కాళ్లు నేలకేసి కొట్టాను. అమ్మ ఒక దెబ్బ వేసి, పాత ఆకుపచ్చ పావడ కట్టి పంపింది. అప్పటికే ఆలస్యమైంది. వీధిలో నరపురుగు లేదు, అందరూ బడి దగ్గరికి పోయారు. బడి వెనక సందు తిరిగేసరికి ఎదురుగా శ్రీశైలమ్మ. నా ఎర్ర పావడ కట్టుకుని ఉంది, తన పాత పావడ మీదనే. తల నున్నగా దువ్వుకుని చెవి పక్కన ముళ్లగోరింట పువ్వు పెట్టుకుంది. నన్ను చూసి దాక్కోలేదు. పరుగెత్తుకుంటూ వచ్చింది.

"తులసీ! సూడు సూడు!" అని రెండు చేతులతో పావడ అంచు పట్టుకుని గిర్రున తిరిగింది. ఆగి, నవ్వి, మళ్లీ ఒకసారి తిరిగింది. "నేను గూడా మీ వరసలో వస్తా. లడ్డు వద్దులే. ఉత్త జెండా పట్టుకుంటా."

నేనేమన్నానో అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "ఎవర్నడిగి కట్టుకున్నావే? దొంగదానా! నువ్వు కట్టి విప్పింది నేను కట్టుకోను, థూ! పో, ఉతికి తే. ఇప్పుడే ఉతికి తే!"

దాని ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. ఆట అనుకుందేమో. నేను రెండోసారి అరిచాక అర్థమైంది. గోడ చాటుకు పోయి పావడ విప్పింది. విప్పినదాన్ని ఉండ చుట్టకుండా, వాళ్లమ్మ మడతపెట్టినట్టే నాలుగు మడతలు పెట్టింది.

"కోప్పడొద్దు తులసీ. మా అమ్మకు చెప్పొద్దు. ఇప్పుడే జాడించుకొని తెస్తా" అని ఏటి దారి పట్టింది. నేను జెండా కోసం పరుగెత్తాను.

ఊరేగింపు బాగా జరిగింది. బ్యాండు మేళం వాళ్లు చెవులు పగిలేట్టు వాయించారు. బజారు మధ్యకు వచ్చేసరికి ఎవరో "ఏరొచ్చింది! ఏరొచ్చింది!" అని అరిచారు. మా ఊళ్లో ఎండ కాస్తున్నా నల్లమల మీద వాన పడితే చాలు, సగిలేరు ఒక్కసారిగా దిగుతుంది. లడ్డు చేతిలో పట్టుకుని పిల్లలమంతా గట్టుకు పరుగు తీశాం. ఎర్రటి నీళ్లు, చెట్ల కొమ్మలు, నురగ. ఆ ఏడాది అదే మొదటి ఏరు. ఏరంటే మాకు పండగే. నేను గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టాను. దేవుడా, చప్పట్లు కొట్టాను. శ్రీశైలమ్మ గుర్తుకే రాలేదు.

రాత్రి అన్నం తినేటప్పుడు గుర్తొచ్చింది. పావడ ఇంకా తేలేదే అనుకున్నాను. అప్పుడు కూడా ముందు గుర్తొచ్చింది పావడే.

తెల్లారి రోశమ్మ ఎప్పటిలాగే పెరట్లోకి మాసిన గుడ్డలకు వచ్చింది. కూతురు రాత్రి ఇంటికి రాకపోయినా ఆమెకు పెద్దగా కంగారు లేదు. ఏటికి అవతల గట్టున వాళ్ల అవ్వ ఉంటుంది. ఏరు వస్తే ఇవతలి వాళ్లు ఇవతల, అవతలి వాళ్లు అవతల రెండు రోజులు ఆగిపోవడం మామూలే. గుడ్డలు విడదీస్తూ నన్నడిగింది.

"అమ్మీ, నిన్న మా శ్రీశైలమ్మను చూసినావా?"

"చూడలేదు" అన్నాను.

అమ్మకు చెప్పొద్దని అదే కదా అంది, దాని మాట నిలబెడుతున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. నేను థూ అన్న సంగతి బయటపడుతుందని భయం.

"అయితే అవ్వకాడికే పోయింటది. నీళ్లు తగ్గినాక వస్తాదిలే" అని రోశమ్మ దుప్పటి దులిపింది.

అప్పుడే వీధి తలుపు దగ్గర ఎవరో పిలిచారు. వచ్చింది చిన్నయ్య. ఏటి దిగువన ఒక ఊళ్లో చాకలి. రెండేళ్ల కిందట మా మేనత్త పెళ్లికి రోజు పనికి వచ్చి మా ఇంటి గుడ్డలు ఉతికాడు. శ్రీశైలమ్మ ముఖం అతనికి తెలియదు. మా గుర్తు తెలుసు. చేతిలో తడి ఎర్ర పావడ ఉంది. దాన్ని మా నాయన ముందు పరిచి, నడుంపట్టీ మీది మూడు చుక్కలు చూపించాడు.

"శెట్టిగారూ, మా ఊరి తుమ్మల్లో ఒక ఆడపిల్ల తట్టుకొని ఉంది. ఈ పావడ నడుముకు గట్టిగా బిగించి కట్టుకొని ఉంది. గుర్తు చూస్తే మీ ఇంటిది. ఎట్ల చెప్పేది సామీ..."

మా నాయన గోడకు ఆనుకుని కూలబడ్డాడు. అమ్మ పెట్టిన కేక నాలుగు వీధులకు వినిపించింది. నేను పెరట్లోంచి పరుగెత్తుకుంటూ వచ్చి ఆమె ముందు నిలబడ్డాను. నన్ను చూసి ఒక్క ఉదుటున కౌగిలించుకుంది. నా తల, భుజాలు, చేతులు తడిమింది. "హమ్మయ్య! హమ్మయ్య! మనది కాదు! మన బిడ్డ కాదండీ!" అని ఏడుస్తూ నవ్వింది. నాయన కూడా నవ్వాడు. ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి, అమ్మయ్య, దేవుడు చల్లగా చూశాడు అన్నారు.

రోశమ్మ నా వెనకాలే పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంది. చంకలో మా మాసిన గుడ్డలు. అమ్మ ఇంకా "మనది కాదు" అంటూనే ఉంది. రోశమ్మ మూట దించింది. నేల మీది పావడ తీసి, నడుంపట్టీ తిప్పి గుర్తు చూసింది. చూడాల్సిన పనే లేదు, ఆమె పెట్టిన గుర్తే.

"యాడుంది సామీ నా బిడ్డ?" అని చిన్నయ్యను అడిగింది.

అప్పుడు అమ్మ నోరు మూతపడింది. ఆ 'హమ్మయ్య' అనే మాటను అమ్మ బతికినన్నాళ్లూ మళ్లీ నోట పలకలేదు. నేను కూడా పలకను.

పదకొండో రోజు దాటాక రోశమ్మ ఆ పావడ తెచ్చింది. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు వేసి. "మరక పోయిందమ్మా" అని మా అమ్మ చేతికిచ్చింది. అమ్మ వెనక్కి తోసి, "నువ్వే ఉంచుకో రోశమ్మా, నీ కాళ్లు మొక్కుతా" అంది. "మీ గుడ్డ మాకెందుకమ్మా" అని గడప మీద పెట్టి వెళ్లిపోయింది. అమ్మ దాన్ని పెట్టెలో అడుగున పడేసింది. నేను మళ్లీ ఎప్పుడూ కట్టుకోలేదు.

తర్వాత కూడా రోశమ్మ మా ఇంటి గుడ్డలు ఉతుకుతూనే ఉంది. ఏం చేస్తుంది, కడుపు ఉంది కదా. ఎవరైనా ఓదార్చబోతే ఒకటే మాట అనేది. "మరక పోలేదు, ఇంకొకసారి జాడించుకొని రాపో అని నేనే చెప్పినా. నేనే పంపి నేనే సంపుకున్నా." ఏరు వచ్చిన ప్రతిసారీ గట్టు మీద నిలబడి అదే అనేది. కాదు అత్తా, నువ్వు చెప్పినందుకు అది పోలేదు, నేను తరిమితే పోయింది అని ఒక్క ముక్క చెబితే చాలు. పన్నెండేళ్లప్పుడు చెప్పలేదు. పెళ్లప్పుడు మా చీరలకు గంజి పెడుతూ నా బుగ్గ పుణికితే, అప్పుడూ చెప్పలేదు. మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే వాళ్లింటికి కోడలుగా పోయాను. ఇంటి నిండా దొంతరలు దొంతరలుగా పలకలు. ఇసుక మీద రాసిన శ్రీశైలమ్మకు ఒక్కసారి కూడా నా పలక చేతికివ్వలేదని, వాటిని చూసినప్పుడల్లా గుర్తొచ్చేది.

అరవై రెండులో మొదటి పురుటికి పుట్టింటికి వచ్చాను. ఆడపిల్ల. పురిటి గుడ్డలకు రోశమ్మే వచ్చింది. జుట్టు సగం నెరిసింది. బిడ్డను ఒళ్లోకి ఇచ్చాను. వేలు పట్టుకోనిచ్చి, చాలాసేపు చూసి, "దీన్ని ఏ పనికీ పంపొద్దమ్మీ. నాలాగా పంపుకోవద్దు" అంది.

ఇక ఆగలేకపోయాను. మంచం దిగి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. సందు, ఎర్ర పావడ, చెవి పక్కన పువ్వు, నేను థూ అన్నది, ఇప్పుడే ఉతికి తెమ్మని తరిమింది, మర్నాడు చూడలేదని చెప్పింది, అంతా చెప్పేశాను. నువ్వు చెప్పినందుకు కాదు అత్తా, అది నీ మాట వినకుండా కట్టుకుని తిరిగింది, నేనే పంపించాను అని ఏడ్చాను.

రోశమ్మ బిడ్డను పక్క మీద పడుకోబెట్టి లేచింది. పురిటి గుడ్డలు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

మూడు రోజులు రాలేదు. పెరట్లో గుడ్డలు కుప్పపడ్డాయి. "ఏమైంది దీనికి, ఎప్పుడూ ఇట్ల చేయదే" అని అమ్మ గొణిగింది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆమె ఇక మా గడప తొక్కదనుకున్నాను. తొక్కకపోతే న్యాయమే. నన్ను నాలుగు వీధుల్లో పెట్టి తిట్టినా న్యాయమే, తిడితే బాగుండునని ఎదురు చూశాను.

నాలుగో రోజు మధ్యాహ్నం వచ్చింది. లోపలికి రాలేదు, గడప మీద కూర్చుంది. కళ్లు వాచి ఉన్నాయి. నా వైపు చూడకుండా పెరటి వైపు చూస్తూ అడిగింది.

"తొమ్మిదేండ్లు నేనే సంపినాననుకున్నా. అది నా మాట విననందుకు సంతోషపడాల్నో ఏడవాల్నో తెలియకుండా ఉంది. అది పోనీ. దాన్ని ఆ పావడలో నేను చూడలేదు. నువ్వొక్కదానివే చూసినావు. బాగుండిందా దానికి?"

"బాగుండింది అత్తా" అన్నాను. "నాకంటే బాగుండింది. గిర్రున తిరిగి చూపించింది. నవ్వింది."

"ఎన్ని సార్లు తిరిగింది?"

"రెండు సార్లు."

రోశమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. చాలాసేపటికి లేచి, పురిటి గుడ్డలు మూట కట్టుకుని రేవుకు పోయింది.

ఆమె నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. ఆమె చెప్పలేదు, అడిగే ముఖం నాకు లేదు. కానీ ఆ తర్వాత ఆమె పోయేదాకా, పద్నాలుగేళ్ల పాటు, నేను పుట్టింటికి వచ్చానని తెలిస్తే చాలు, రోశమ్మ వచ్చి గడప మీద కూర్చునేది. మంచిచెడ్డలు అడిగేది కాదు. "చెప్పమ్మీ, ఎట్ల తిరిగింది?" అనేది.

నేను చెప్పేదాన్ని.